నీలం మచ్చ ఒకచోట, లీకు ఇంకోచోట: సొంతంగా కట్టుకున్న విమానంలో పెట్రోలు ట్యాంకు మరమ్మతు

రెక్క అడుగున, తెల్ల రంగు మీద, ఒక రివెట్ తల చుట్టూ లేత నీలం మచ్చ. రూపాయి బిళ్ళంత ఉంటుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది. వారం తర్వాత హ్యాంగర్ తలుపు తీసి వంగి చూస్తే మళ్ళీ అక్కడే ఉంటుంది. ఈసారి అంచు కాస్త ముదురుగా, సిరా ఆరిపోయిన గీతలా కనిపిస్తుంది. సొంత చేతులతో విమానం కట్టుకున్నవాళ్ళలో చాలామంది ఈ మచ్చను ఎప్పుడో ఒకప్పుడు చూసినవాళ్ళే.

చిన్న పిస్టన్ విమానాల్లో వాడే 100ఎల్ఎల్ అనే పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. ఏ గ్రేడు పెట్రోలో కంటితో చూసి పోల్చుకోవడానికి ఆ రంగు. పెట్రోలు ఆవిరైపోతుంది, రంగు మిగిలిపోతుంది. అందుకే రోజుకు ఒకటి రెండు చుక్కలు ఊరినా కొన్నాళ్ళకు మచ్చ పెద్దదై కూర్చుంటుంది. మచ్చ సైజు చూసి బెంబేలెత్తాల్సిన పని లేదు. అలాగని తుడిచేసి మరిచిపోవడానికీ లేదు. ఎందుకంటే ఆ మచ్చ మనకు చెప్పేది ఒక్కటే: పెట్రోలు ఎక్కడ బయటికి వస్తోందన్నది. ట్యాంకు లోపల అది ఎక్కడ దారి చేసుకుందో మచ్చకు తెలియదు. ఈ మరమ్మతులో జరిగే పొరపాట్లలో సగానికి సగం ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే జరుగుతాయని నా నమ్మకం.

ఏ విమానం గురించి మాట్లాడుతున్నామో ముందు చెప్పుకోవాలి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ ఆర్‌వీ పేరుతో విమానాల కిట్లు అమ్ముతుంది. రిచర్డ్ వ్యాన్‌గ్రన్స్‌వెన్ 1973లో దాన్ని మొదలుపెట్టారు. ఇళ్ళ గరాజుల్లో, అద్దె హ్యాంగర్లలో మామూలు మనుషులు కట్టి ఎగరేసిన ఆర్‌వీలు ఇప్పటికి 11 వేలు దాటాయి. వీటిని అక్కడి చట్టం ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్ అనే తరగతిలో పెడుతుంది. పనిలో సగానికి పైగా సొంతంగా, నేర్చుకోవడం కోసమో సరదా కోసమో చేసి ఉండాలన్నది షరతు. కట్టినవాళ్ళే తమ విమానాన్ని బాగుచేసుకోవచ్చు. తగిన సర్టిఫికెట్ తీసుకుంటే ఏటేటా జరగాల్సిన తనిఖీ కూడా తామే చేసి సంతకం పెట్టవచ్చు. అంటే ట్యాంకు కారితే మెకానిక్ దగ్గరికి పరుగెత్తాల్సిన పని లేదు. పని సరిగ్గా జరగకపోతే నింద వేయడానికి ఇంకొకళ్ళూ ఉండరు.

ఈ విమానాల్లో ట్యాంకు అంటే రెక్కలో దాచిన డబ్బా కాదు. రెక్కలో ఒక భాగమే ట్యాంకు. విమానం మొండానికి దగ్గరగా, రెక్క ముందు అంచు దగ్గర 0.8 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును ముక్కులా వంచి, లోపల అడ్డంగా రిబ్బులనే రేకు పలకలు పెట్టి గదులుగా విడదీసి, వెనక ఒక రేకు గోడ కట్టి రివెట్లతో బిగిస్తారు. ఆ వెనక గోడను బ్యాఫిల్ అంటారు. మొత్తం పెట్టెను రెక్క ప్రధాన దూలానికి స్క్రూలతో బిగిస్తారు. ఆర్‌వీ-7లో ఒక్కో వైపు 21 గ్యాలన్లు, అంటే దాదాపు 80 లీటర్లు పడుతుంది. బరువులో అది 57 కిలోలు. రివెట్ పెట్టిన ప్రతి చోటా రేకుకు చిల్లు ఉన్నట్టే కదా. ఒక్కో ట్యాంకులో అలాంటి చిల్లులు వందల్లో ఉంటాయి. వాటన్నిటినీ మూసి ఉంచేది ప్రోసీల్ అని అందరూ పిలుచుకునే నల్లటి, జిగట ముద్ద. దాని అసలు పేరు పాలీసల్ఫైడ్ సీలెంట్.

దీని పుట్టుక కథ నాకు చాలా ఇష్టం. 1920ల్లో కాన్సస్ సిటీలో జోసెఫ్ ప్యాట్రిక్ అనే ఆయన ఇంజను నీళ్ళు చలికి గడ్డకట్టకుండా కలిపే యాంటీఫ్రీజ్‌ను చవకగా తయారుచేద్దామని రసాయనాలు కలుపుతుంటే కంపు కొట్టే బంక ముద్ద ఒకటి తయారైంది. ఏ ద్రావకం పోసినా అది కరగలేదు. యాంటీఫ్రీజ్‌గా దానికి విలువ లేదు గానీ, పెట్రోలులో కరగని రబ్బరు దొరికింది. గంధకం, జిగురు అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి దానికి థయోకాల్ అని పేరు పెట్టారు. ఆ కంపు ఇప్పటికీ పోలేదు. ప్రోసీల్ డబ్బా తెరిస్తే హ్యాంగర్ అంతా తెలుస్తుంది.

ట్యాంకు కట్టేటప్పుడు ఈ ముద్దను మూడు చోట్ల వాడతారు. రేకూ రిబ్బూ కలిసే అతుకు మధ్య పలచగా పూసి, అది తడిగా ఉండగానే రివెట్ కొట్టడం మొదటిది. అతుకు లోపలి మూల వెంబడి పొలం గట్టులా నిండుగా పొయ్యడం రెండోది. లోపల పొడుచుకొచ్చిన రివెట్ తోక మీద టోపీలా ఒక చుక్క పెట్టడం మూడోది. పెట్రోలు బయటికి రావాలంటే ఈ మూడింటినీ దాటాలి. మూల గట్టులో ఒకచోట సన్నటి గాలి బుడగ ఉండిపోయిందనుకుందాం. పెట్రోలు అందులోంచి రేకుకూ రిబ్బుకూ మధ్య సందులోకి దిగుతుంది. అక్కడ అతుకు పూత పలచబడిన దారి వెతుక్కుంటూ పాకుతుంది. చివరికి ఏ రివెట్ వదులుగా ఉందో ఆ రివెట్ దగ్గర బయటపడుతుంది. లోపలి బుడగకూ బయటి రివెట్‌కూ మధ్య జానెడు దూరం ఉండొచ్చు, ఒక్కోసారి రిబ్బు పొడవంతా ఉండొచ్చు. వానాకాలంలో స్లాబు కారే ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. చెమ్మ ఫ్యాన్ కొక్కెం దగ్గర కనిపిస్తుంది, పగులు మాత్రం డాబా మీద ఎక్కడో పిట్టగోడ మూలన ఉంటుంది.

లీకు ఎంత పెద్దదో తేల్చడానికి విమాన మెకానిక్కులకు ఒక కొలత ఉంది. మచ్చను పూర్తిగా తుడిచి ఆరబెట్టి, 30 నిమిషాలు ఆగి, తడి ఎంత వెడల్పున పాకిందో చూస్తారు. కాస్త టాల్కం పౌడర్ చల్లితే తడి అంచు స్పష్టంగా తెలుస్తుంది. ముప్పావు అంగుళం లోపు ఉంటే మరక, ఒకటిన్నర అంగుళాల దాకా ఊట, 4 అంగుళాల దాకా పెద్ద ఊట. చుక్కలుగా పడుతుంటే అది కారడమే. గాలి ఆడే చోట, రెక్క బయట ఉన్న మరకను గమనిస్తూ కొన్నాళ్ళు ఎగరవచ్చు. కారుతున్నా, లేక చిన్న ఊటే అయినా కాక్‌పిట్ లాంటి మూసి ఉన్న చోటికి దిగుతున్నా ఆ విమానం బాగయ్యే దాకా కదలకూడదు. ఇందులో బేరాలకు తావు లేదు.

కొన్ని ట్యాంకులు నేల మీద పొడిగా ఉండి, ఎగిరి వచ్చాకే తడి చూపిస్తాయి. దీనికి కారణముంది. 20 సెంటీమీటర్ల ఎత్తున పెట్రోలు నిలిచి ఉంటే అడుగున పడే ఒత్తిడి సుమారు 0.2 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అనే కొలత) మాత్రమే. కానీ ట్యాంకుకు గాలి అందించే వెంటు గొట్టం మూతి ముందుకు తిరిగి ఉంటుంది. సముద్రమట్టం దగ్గర గంటకు 320 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఎదురుగాలి ఆ మూతిలోకి గరిష్ఠంగా 0.7 పీఎస్ఐ దాకా తోయగలదు. అంటే నేల మీద ఉన్నదానికి మూడు నాలుగు రెట్లు అదనం. దానికి తోడు రెక్క వంగుతుంది, ఇంజను అదరుతుంది.

ట్యాంకు విప్పే ముందు

లీకు కనిపించగానే ట్యాంకు విప్పాలన్న ఆలోచన వద్దు. ముందు తేలిగ్గా మారే వాటిని చూడాలి. మూత చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగు గట్టిపడితే, నిండా పోసిన రోజు పెట్రోలు రెక్క మీదుగా వెనక్కి జారుతుంది. మచ్చ మాత్రం ఎక్కడో వెనక కనిపిస్తుంది. అడుగున నీళ్ళు తీసే డ్రెయిన్ వాల్వులో చిన్న నలక ఇరుక్కున్నా చుక్కలు పడతాయి. పెట్రోలు మట్టం చూపే సెండర్‌ను ట్యాంకు పక్క గోడకు స్క్రూలతో బిగిస్తారు. దాని గాస్కెట్, ఆ స్క్రూ చిల్లులు పాత నేరస్థుల్లాంటివి. వీటిలో ఏదైనా అయితే పని ఒక సాయంత్రంలో తెమిలిపోతుంది.

ఇవన్నీ బాగున్నాయంటే అప్పుడు గాలి పరీక్ష. ఇది సైకిల్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూడటం లాంటిదే, కాకపోతే ఇక్కడ రెక్కను తొట్టిలో ముంచలేం. పెట్రోలంతా తీసేసి, ఇంజనుకు వెళ్ళే గొట్టం మూసి, మూత అంచుకు టేపు వేసి, వెంటు గొట్టానికి ఒక బెలూన్ తగిలించి కొద్దిగా గాలి ఊదుతారు. తర్వాత సబ్బు నీళ్ళు పూసి బుడగల కోసం ప్రతి రివెట్‌నూ టార్చి వెలుగులో చూస్తారు. ఇక్కడ కంప్రెసర్ గొట్టం నేరుగా పెట్టాలన్న తొందర వచ్చిందంటే ట్యాంకు పోయినట్టే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న రేకు మీద చదరపు అంగుళానికి ఒక్క పౌండు చొప్పున ఒత్తిడి పడితే మొత్తం 1,150 పౌండ్లు, అంటే 500 కిలోలకు పైనే. పలచని రేకు ఉబ్బిపోవడానికి అది చాలు. బెలూన్ అందుకే మంచిది, ఒత్తిడి ఎక్కువైతే సాగుతుంది తప్ప ట్యాంకును ఉబ్బించదు.

ఇంకా కచ్చితంగా కావాలంటే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి రంగు నీళ్ళు పోసి బెలూన్ స్థానంలో పెట్టవచ్చు. రెండు కొమ్మల్లో నీటి మట్టం తేడా 70 సెంటీమీటర్లు ఉంటే అది 1 పీఎస్ఐ. ఒత్తిడి మితిమీరితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి, అదే దానికి సేఫ్టీ వాల్వు. అయితే ఈ పద్ధతిలో చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. మూసిన ట్యాంకులో గాలి ఉష్ణోగ్రత 1 డిగ్రీ సెల్సియస్ మారితే నీటి మట్టం తేడా సుమారు మూడున్నర సెంటీమీటర్లు మారుతుంది. బయట వాతావరణ పీడనం 1 మిల్లీబార్ మారితే ఇంకో సెంటీమీటరు. సాయంత్రం మట్టం గుర్తు పెట్టి, తెల్లారాక చూసి "పది సెంటీమీటర్లు పడిపోయింది, ఎక్కడో కారుతోంది" అని టెన్షన్ పడేవాళ్ళు ఉంటారు. రాత్రి హ్యాంగర్ మూడు డిగ్రీలు చల్లబడింది, అంతే. అందుకే ఉష్ణోగ్రత కూడా పక్కనే రాసుకోవాలి. లేదా నీడ పట్టున అరగంటలో తేలే పరీక్షను నమ్ముకోవాలి.

ఖాళీ ట్యాంకే ప్రమాదం

పెట్రోలు తీసేశాక చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి భయం మొదలవ్వాల్సింది అప్పుడే. నిండు ట్యాంకులో పైన మిగిలిన కాస్త చోటులో ఆవిరి ఎంత చిక్కగా ఉంటుందంటే, మండటానికి తగినంత గాలి అందులో ఉండదు. ఖాళీ చేసి గాలి ఆడనివ్వగానే ఆ చిక్కదనం తగ్గుతూ వచ్చి మండే హద్దులోకి దిగుతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. లెక్క వేస్తే, 80 లీటర్ల ట్యాంకును అలా మార్చడానికి ఆరేడు మిల్లీలీటర్ల పెట్రోలు చాలు. టీ స్పూనుతో ఒకటిన్నర స్పూన్లు. రిబ్బు మూలన అంత మిగలడం ఎంత సేపు? ఖాళీ ట్యాంకరుకు వెల్డింగ్ చేస్తుండగా పేలుడు అన్న వార్త మన పేపర్లలో అప్పుడప్పుడూ చూస్తూనే ఉంటాం. ఆ పేలుళ్ళ వెనక ఉండేది ఇదే లెక్క.

అందుకని ట్యాంకు విప్పి, ఉన్న మూతలన్నీ తీసి, ఆరుబయట గాలి బాగా ఆడే చోట రోజుల తరబడి ఉంచాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, కిందికి దిగి నేల మీద పాకుతుంది. హ్యాంగర్ మూలన ఉన్న ఫ్రిజ్ దాకా వెళ్ళి, దాని స్విచ్చులో వచ్చే నిప్పురవ్వకు అంటుకోగలదు. చిల్లు వేయాల్సి వస్తే కరెంటు డ్రిల్లు ముట్టుకోకూడదు, గాలితో తిరిగే డ్రిల్లే వాడాలి. 100ఎల్ఎల్‌లో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండొచ్చు కాబట్టి చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

లోపలికి చెయ్యి పెట్టే దారి

మొండానికి ఆనుకున్న మొదటి గదికి సెండర్ పలక విప్పితే చెయ్యి దూరుతుంది. అవతలి గదుల్లోకి దారి లేదు. బ్యాఫిల్‌కు రెండు రిబ్బుల మధ్య గుండ్రంగా నాలుగైదు అంగుళాల కన్నం కోసి, పని అయ్యాక దాని మీద పలక పెట్టి ప్రోసీల్ పూసి మూసిన తోక ఉన్న రివెట్లతో బిగించడమే మార్గం. తను కట్టిన ట్యాంకును తనే కొయ్యడానికి ఎవరికైనా మనసు ఒప్పదు. అయినా సందేహం ఉన్న గదికే కోసి, అద్దం, చిన్న లైటు పెట్టి చూస్తే గట్టులో లోపం తరచుగా కంటికే కనిపిస్తుంది. సూది మొనంత రంధ్రం, లేదా అంచు లేచిన పొర, లేదా మూలలో ముద్ద అసలు అందని చోటు. ఎక్కువగా దొరికేది రిబ్బూ బ్యాఫిలూ రేకూ మూడూ కలిసే మూలలో. కట్టేటప్పుడు చివరగా మూసే చోటు అది, చెయ్యి అందదు, కంటికి ఆనదు.

ఇక్కడి నుంచి పనంతా శుభ్రతే. పంచర్ షాపులో చూడండి. అతను ట్యూబుకు సొల్యూషన్ పూసే ముందు ఆకురాయితో బరబరా రుద్దుతాడు, దుమ్ము దులుపుతాడు, పూశాక ఆరేదాకా ఆగుతాడు. రుద్దని ట్యూబు మీద ప్యాచీ నిలవదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అల్యూమినియం కూడా అంతే. వదులైన పాత ముద్దను ప్లాస్టిక్ లేదా చెక్క పనిముట్టుతో గోకాలి. ఇనుప బ్లేడు గీత పడితే ఆ గీత నుంచే తర్వాత పగులు మొదలవ్వొచ్చు. గట్టిగా పట్టుకుని ఉన్న పాత ముద్దను మొత్తం పీకక్కర్లేదు. దాని అంచును వాలుగా కోసి, గరుకు చేసి, ఎంఈకే అనే ద్రావకంతో తుడిస్తే కొత్తది దాన్ని బాగానే పట్టుకుంటుంది. తుడిచే గుడ్డ ఎప్పటికప్పుడు మార్చాలి. ద్రావకం దానంతట అది ఆరిపోతే కరిగిన జిడ్డు తిరిగి రేకు మీదే పేరుకుంటుంది, ఆరకముందే పొడి గుడ్డతో ఎత్తెయ్యాలి. గాలి పరీక్షలో వాడిన సబ్బు మిగిలినా ముద్ద పట్టదు. వేలితో ఒకసారి తాకి చూశారా, మళ్ళీ తుడవాల్సిందే.

ప్రోసీల్ రెండు భాగాలుగా వస్తుంది. తెల్లటి ముద్ద ఒకటి, నల్లటి గట్టిపరిచే రసాయనం ఇంకొకటి. బరువులో 10 పాళ్ళకు 1 పాలు. కంటి అంచనా కుదరదు, 30 గ్రాములకు 3 గ్రాములు చిన్న డిజిటల్ తూకం మీద పెట్టి కలపాలి. తెల్ల చారలు పూర్తిగా పోయి ఒకే నల్లటి బూడిద రంగు వచ్చేదాకా అడుగూ అంచులూ గీకుతూ కలపాలి. ఎక్కువగా వాడే బీ-2 రకం 25 డిగ్రీల దగ్గర రెండు గంటల పాటు పూయడానికి పనికొస్తుంది, గట్టిపడటానికి సుమారు 3 రోజులు పడుతుంది. వేడి, తేమ ఎక్కువైతే ఈ లెక్కలు కుదించుకుపోతాయి. చేతిలోనే తీగలు సాగడం మొదలైతే ఆ ముద్దను పారేసి కొత్తది కలుపుకోవాలి. అప్పటికది రేకును తడపదు, పైపైన కూర్చుంటుంది. కలిపిన ముద్దలో కాస్త ఒక కాగితం మీద పెట్టి తేదీ రాసి పక్కన ఉంచితే, లోపలిది గట్టిపడిందో లేదో దాన్ని గిల్లి తెలుసుకోవచ్చు.

దగ్గరి దారులు

బయటి నుంచి పూస్తే ఏమవుతుందని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. లోపలి నుంచి పూసిన ముద్దను పెట్రోలు ఒత్తిడి రేకు మీదికే నొక్కుతుంది. బయటి నుంచి పూసిన ముద్దను అదే ఒత్తిడి రేకు నుంచి ఊడదీస్తుంది. పైగా అది పట్టుకోవాల్సిన చోటు అప్పటికే పెట్రోలుతో తడిసి ఉంది. ఒకవేళ ఆ రివెట్ దగ్గర ఆగినా, సందులో ఉన్న పెట్రోలు పక్క రివెట్‌కు పాకుతుంది. ఒక మచ్చ పోయి రెండు వస్తాయి.

ఒక్క మినహాయింపు ఉంది. ఒంటరి రివెట్ ఒకటి మరక స్థాయిలో ఊరుతుంటే లోక్‌టైట్ 290 అనే పలచని ద్రవాన్ని కొందరు వాడతారు. ట్యాంకు లోపల గాలిని కొద్దిగా వెనక్కి లాగితే ఆ చుక్క సందులోకి పీల్చుకుపోయి, గాలి తగలని చోట గట్టిపడుతుంది. చాలామందికి ఇది పనిచేసింది. చిన్న ఊటకు ముందు ఇది ప్రయత్నించడంలో తప్పేమీ లేదని నేనూ అనుకుంటాను. కానీ గాలి లాగడానికి ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ పెట్టడం మాత్రం ప్రాణాంతకం. దాని మోటారులో నిప్పురవ్వలు వస్తాయి, మీరు దానికి పెట్రోలు ఆవిరి తాగిస్తున్నారు. చేతి పంపు చాలు.

ఇంకో దారి స్లోషింగ్. పలచని పూత ద్రవాన్ని ట్యాంకులో పోసి అటూ ఇటూ తిప్పి లోపలంతా పూసేయడం. ఒకప్పుడు ఇది మామూలు పద్ధతి. కొన్నేళ్ళకు ఆ పూత పొరలుగా ఊడి పెట్రోలు జల్లెడకు అడ్డం పడటం మొదలయ్యాక వ్యాన్స్ కంపెనీ కూడా వద్దంది. మరకతో పోయేదాన్ని గాల్లో ఇంజను ఆగేదాకా తెచ్చే పని ఇది. అలాంటి పూత ఉన్న పాత విమానం కొన్నవాళ్ళు ట్యాంకు తెరిచి ఆ పొరంతా గోకి తీయడమే మంచిది.

ఫైబర్‌గ్లాస్ విమానాల సంగతి వేరు. బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ లాంటి వాటిలో ట్యాంకు గోడే ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు, అక్కడ ప్రశ్న ఎపాక్సీని కార్ల పెట్రోలులో కలిపే ఇథనాల్ మెత్తబరుస్తుందా అన్నది. సీసం లేని కొత్త పెట్రోళ్ళు వస్తున్నకొద్దీ ఈ ప్రశ్న అల్యూమినియం ట్యాంకులవాళ్ళకూ ఎదురవుతోంది. జీ100యూఎల్ అనే ఇంధనానికి 2022లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ అనుమతి ఇచ్చాక, అది పాత సీలెంట్లను, రంగును పాడుచేస్తోందని కొందరు యజమానులు అంటున్నారు, తయారీదారులు కాదంటున్నారు. వాదన తేలేదాకా ఆగక్కర్లేదు. తేదీ రాసి పక్కన పెట్టిన ఆ ప్రోసీల్ బిళ్ళలాంటివి రెండు మూడు దాచుకుంటే, కొత్త పెట్రోలు ఒక గాజు సీసాలో పోసి అందులో ఒకటి వేసి నెలా రెండు నెలలు చూడవచ్చు. మెత్తబడిందా, ఉబ్బిందా, మామూలుగానే ఉందా అన్నది గోటితో నొక్కితే తెలిసిపోతుంది.

ట్యాంకు తిరిగి బిగించాక ఒకేసారి నిండా పోయకూడదు. ముందు పది లీటర్లు పోసి, అడుగు అతుకులు రాత్రంతా తడిలో ఉండనిచ్చి చూడాలి. తర్వాత సగం, తర్వాత నిండుగా. పాత మచ్చ ఉన్న చోట పెన్సిల్‌తో గుండ్రంగా గీసి తేదీ వేసుకోవాలి. గోకినప్పుడు రాలిన నల్ల తునకలు ఎంత కడిగినా కొన్ని మూలల్లో ఉండిపోతాయి, అవి మొదటి నాలుగైదు గంటల ప్రయాణంలో జల్లెడ దాకా వస్తాయి. అందుకని మొదటిసారి ఎగిరి దిగగానే రెక్క అడుగున చూసినంత శ్రద్ధగానే ఫిల్టరు కూడా విప్పి చూడాలి. రెండోసారీ, మూడోసారీ కూడా.